లైనక్స్‌లో ఐఎస్ఓ ఫైల్‌ను మార్చడం ఎలా? ఎడిటర్ ఎంపిక నుంచి బూట్ పరీక్ష దాకా

"లైనక్స్‌లో ఐఎస్ఓ ఎడిటర్ ఏది వేసుకోవాలి?" అని అడిగిన ప్రతివాళ్లనీ నేను ముందు ఒక మాట అడుగుతాను: మీ దగ్గరున్న ఫైల్ లోపల ఏముంది? ఐఎస్ఓ అంటే ఒక డిస్క్‌లోని మొత్తాన్ని ఒకే ఫైల్‌గా చేసిన కాపీ, దాన్నే ఇమేజ్ అంటాం. పైకి చూస్తే అన్నీ ఐఎస్ఓలే. కానీ పెళ్లి ఫొటోల డీవీడీ నుంచి తీసుకున్న ఐఎస్ఓ వేరు, డెబియన్ ఇన్‌స్టాలర్ వేరు, విండోస్ ఇన్‌స్టాలర్ వేరు. మొదటిదాన్ని మౌస్‌తోనే మార్చేసుకోవచ్చు. రెండోదాన్ని అలాగే మారిస్తే పెన్‌డ్రైవ్ బూట్ కాకపోవచ్చు. మూడోదాన్ని మామూలు ఎడిటర్‌లో తెరిస్తే అసలు ఫైళ్లే కనబడవు.

అందుకే ముందు ఇమేజ్‌ని గుర్తుపట్టాలి, ఎడిటర్ సంగతి ఆ తర్వాత. ఈ వరస తప్పినవాళ్లే నాలుగు ఎడిటర్లు వేసి, నాలుగూ పనిచేయడం లేదని విసిగిపోతుంటారు.

కమాండ్ల గురించి ఒక మాట. ఇక్కడ వాటిని తెలుగు లిపిలో రాశాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే టైప్ చేయాలి. తడబడే అవకాశం ఉన్నచోట స్పెల్లింగ్ విడదీసి చెప్పాను.

1. మొదలుపెట్టే ముందు

ఐఎస్ఓ 9660 అనేది రాసి ముగించేసిన డిస్క్ కోసం తయారైన ఫార్మాట్. అందులో ఉన్నచోటే ఒక ఫైల్ తీసేసి ఇంకోటి పెట్టడం కుదరదు. ఎడిటర్ చేసేదల్లా పాత ఇమేజ్‌ని చదివి, మీ మార్పులతో కొత్త ఇమేజ్ రాయడం. కాబట్టి రెండింటికీ చోటు కావాలి. ఇమేజ్ 4 జీబీ ఉంటే ఇంకో 4 జీబీ ఖాళీ తప్పనిసరి. అందులోని ఫైళ్లను బయటికి కూడా తీయాలనుకుంటే మరో 4 జీబీ.

కొత్త ఇమేజ్‌ని నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి సేవ్ చేయకండి. చాలా పెన్‌డ్రైవ్‌లు ఫ్యాట్32లో ఉంటాయి, అందులో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. సగం రాశాక ఎర్రర్ వస్తుంది.

సిద్ధంగా ఉండాల్సినవి:

- అసలు ఇమేజ్, చేయి పెట్టని కాపీ ఒకటి విడిగా
- హోమ్ ఫోల్డర్‌లో ఈ పని కోసమే ఒక కొత్త ఫోల్డర్
- ఇమేజ్ సైజుకు కనీసం రెట్టింపు ఖాళీ
- డౌన్‌లోడ్ చేసిన ఇమేజ్ అయితే, దాన్ని ఇచ్చినవాళ్లు ప్రకటించిన ఎస్‌హెచ్‌ఏ256 చెక్‌సమ్ (ఫైల్ చెడిపోలేదని తేల్చే గుర్తు)
- ఇన్‌స్టాల్ చేయడానికి అడ్మిన్ పాస్‌వర్డ్

చెక్‌సమ్‌ని ముందే సరిచూసుకోండి. టెర్మినల్‌లో ఎస్‌హెచ్‌ఏ256సమ్ అని కొట్టి, ఖాళీ వదిలి ఫైల్ పేరు ఇస్తే పొడవాటి అంకె వస్తుంది. అది ప్రకటించినదానితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కలవకపోతే మళ్లీ డౌన్‌లోడ్ చేయడమే. పాడైన ఇమేజ్‌ని ఎంత జాగ్రత్తగా మార్చినా పాడైన ఇమేజే వస్తుంది.

2. ఇమేజ్‌ని గుర్తుపట్టడం

ఒక్క కమాండ్ చాలు:

సుడో బీఎల్‌కేఐడీ పాతది.ఐఎస్ఓ

సుడో అంటే అడ్మిన్ హక్కుతో నడపడం. బి, ఎల్, కె, ఐ, డి, ఐదు అక్షరాలూ కలిపి టైప్ చేయాలి. వచ్చిన వరుసలో రెండు చోట్లే చూడండి: టైప్, లేబుల్.

టైప్ దగ్గర ఐఎస్ఓ9660 అని ఉంటే ఈ వ్యాసం మీ కోసమే. యూడీఎఫ్ (ఐఎస్ఓ 9660 లాంటిదే ఇంకో డిస్క్ ఫార్మాట్) అని ఉంటే అది విండోస్ ఇన్‌స్టాలరో, వీడియో డీవీడీయో అయివుంటుంది. టైప్ అన్నదే లేకుండా పార్టిషన్ టేబుల్ (డిస్క్ భాగాల పట్టిక) సంగతి మాత్రమే చెబితే అది రాస్ప్‌బెర్రీ పై ఇమేజ్‌లాంటి మొత్తం డిస్క్ కాపీ. దానికి ఐఎస్ఓ ఎడిటర్ పనికిరాదు. డిస్క్స్ అనే ప్రోగ్రామ్‌లో అటాచ్ డిస్క్ ఇమేజ్ ఎంచుకుని, రీడ్-ఓన్లీ టిక్కు తీసేసి తెరిస్తే లోపలి పార్టిషన్లు మామూలు డ్రైవ్‌ల్లాగే వస్తాయి. ఫైళ్లను అక్కడే నేరుగా మార్చుకోవచ్చు.

ఏమీ చెప్పకపోతే ఎక్స్‌టెన్షన్ చూడండి. ఎన్ఆర్‌జీ, ఎండీఎఫ్, బిన్ లాంటి పాత విండోస్ కాలపు ఇమేజ్ అయివుండొచ్చు. ముందు దాన్ని ఐఎస్ఓగా మార్చుకోవాలి. డెబియన్, ఉబుంటు రిపాజిటరీల్లో (ఆ సిస్టమ్‌లు ప్రోగ్రామ్‌లు ఇచ్చే సొంత గోదాముల్లో) వీటికి చిన్న టూల్స్ ఉన్నాయి: ఎన్ఆర్‌జీ2ఐఎస్ఓ, ఎండీఎఫ్2ఐఎస్ఓ, బిన్-క్యూ జంటకు బీచంక్ (బి తర్వాత చంక్, కలిపి).

లేబుల్ దగ్గర ఉన్న పేరును ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, చుక్కలు, గీతలు ఉన్నవి ఉన్నట్టుగా. ఎందుకో 6వ భాగంలో చెబుతాను.

3. ఏ ఇమేజ్‌కు ఏ ఎడిటర్

డేటా మాత్రమే ఉన్న ఐఎస్ఓ అయితే ఐఎస్ఓ మాస్టర్. కిటికీలు, బటన్లు ఉన్న తేలికైన ప్రోగ్రామ్.

బూట్ అయ్యే లైనక్స్ ఐఎస్ఓలో ఫైళ్లు చేర్చాలన్నా, మార్చాలన్నా ఎక్సారిసో. ఇది టెర్మినల్‌లోనే నడుస్తుంది. భయపడాల్సిన పనిలేదు, మనకు కావలసింది రెండు మూడు వరుసలే.

ఉబుంటు లైవ్ ఇమేజ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) లోపలి సిస్టమ్‌లోనే కొత్త ప్రోగ్రామ్‌లు, ఫాంట్లు వేయాలంటే క్యూబిక్. లైవ్ సిస్టమ్ అంతా స్క్వాష్‌ఎఫ్ఎస్ అనే కుదించిన ఫైళ్లలో ఉంటుంది. ఐఎస్ఓ ఎడిటర్‌కు అవి తెరవలేని పెద్ద మూటల్లా కనిపిస్తాయి. క్యూబిక్ వాటిని విప్పి, ఆ సిస్టమ్ లోపలికే మిమ్మల్ని తీసుకెళ్లి ఒక టెర్మినల్ ఇస్తుంది. ఉదాహరణకు తెలుగు ఫాంట్లు వేయాలంటే అక్కడ ఫాంట్స్-టెలు ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుంది. తర్వాత మళ్లీ మూట కట్టి కొత్త ఐఎస్ఓ ఇస్తుంది.

విండోస్ ఇమేజ్ అయితే, దయచేసి ఐఎస్ఓని ముట్టుకోకండి. ఐఎస్ఓ మాస్టర్‌లో తెరిస్తే రీడ్‌మీ అనే ఒకే ఒక్క ఫైల్ కనబడుతుంది. ఈ డిస్క్‌లో యూడీఎఫ్ ఫైల్ సిస్టమ్ ఉంది, దాన్ని చదవగల ఆపరేటింగ్ సిస్టమ్ కావాలి అని మాత్రమే అందులో రాసి ఉంటుంది. ఇమేజ్ పాడైందని అనుకుని మళ్లీ డౌన్‌లోడ్ చేసినవాళ్లు నాకు తెలుసు. ఇమేజ్ బాగానే ఉంది, ఎడిటర్‌కే యూడీఎఫ్ రాదు. పెన్‌డ్రైవ్ తయారైన తర్వాత మీకు కావలసిన డ్రైవర్లు, ఫైళ్లు అందులోనే విడి ఫోల్డర్‌గా పెట్టుకోండి.

4. వెతకడం, ఇన్‌స్టాల్ చేయడం

మొదటి నియమం: మీ డిస్ట్రో (మీరు వాడే లైనక్స్ రకం) రిపాజిటరీ దాటి బయటికి వెళ్లకండి. ఏదో సైట్‌లో దొరికిన డెబ్ ఫైల్‌ను డబుల్ క్లిక్ చేసి పాస్‌వర్డ్ ఇచ్చారంటే, మీ కంప్యూటర్ మొత్తాన్ని ముక్కూమొహం తెలియనివాళ్ల చేతిలో పెట్టినట్టే. పాత వ్యాసాల్లో చెప్పిన పేరు మీ రిపాజిటరీలో దొరకలేదంటే, ఆ పేరు వదిలేసి ఇక్కడ చెప్పినవి వాడండి.

ఉబుంటు, లైనక్స్ మింట్, డెబియన్‌లలో ముందు జాబితా తాజా చేసుకోవాలి:

సుడో ఆప్ట్ అప్‌డేట్

తర్వాత ప్యాకేజీ ఉందో లేదో, ఏ వెర్షనో చూసుకోవాలి:

ఆప్ట్ పాలసీ ఐఎస్ఓమాస్టర్ ఎక్సారిసో

ఐఎస్ఓ, మాస్టర్ రెండూ కలిపి, మధ్యలో ఖాళీ లేకుండా. ఎక్సారిసో స్పెల్లింగ్: ఎక్స్, ఓ, ఆర్, ఆర్, ఐ, ఎస్, ఓ. ఆర్‌లు రెండు, ఎస్ ఒక్కటే. "ప్యాకేజీ దొరకలేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఈ ఎస్‌ను రెండుసార్లు కొట్టడమే.

క్యాండిడేట్ దగ్గర వెర్షన్ నంబరు కనిపిస్తే:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఐఎస్ఓమాస్టర్ ఎక్సారిసో

ఉబుంటులో ఐఎస్ఓ మాస్టర్ యూనివర్స్ అనే విభాగంలో ఉంటుంది. దొరకలేదని వస్తే సుడో యాడ్-ఆప్ట్-రిపాజిటరీ యూనివర్స్ అని ఇచ్చి, మళ్లీ అప్‌డేట్ చేసి ప్రయత్నించండి. ఉబుంటు యాప్ సెంటర్‌లో వెతికేవాళ్లు ఒకటి గమనించాలి. అది ముందు స్నాప్ ప్యాకేజీలనే చూపిస్తుంది. ఫిల్టర్‌ని డెబియన్ ప్యాకేజీలకు మారిస్తేనే ఇవి కనబడతాయి. మింట్ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఆ ఇబ్బంది లేదు, పేరు కొడితే వచ్చేస్తుంది.

ఫెడోరాలో ఆప్ట్ బదులు డీఎన్ఎఫ్. డీఎన్ఎఫ్ సెర్చ్ అని ముందు వెతికి, తర్వాత ఇన్‌స్టాల్ చేయండి. ఆర్చ్‌లో ఎక్సారిసో ఆ పేరుతో ఉండదు, లిబ్‌ఐఎస్ఓబర్న్ అనే ప్యాకేజీతో వస్తుంది.

క్యూబిక్ మాత్రం ఈ నియమానికి మినహాయింపు. దాన్ని తయారుచేసినవాళ్ల సొంత పీపీఏ (విడి రిపాజిటరీ) నుంచి వేసుకోవాలి. యాడ్-ఆప్ట్-రిపాజిటరీ కమాండ్‌కు పీపీఏ:క్యూబిక్-విజర్డ్/రిలీజ్ అని ఇస్తారు. అవసరం ఉంటేనే వేసుకోండి.

సరిగ్గా పడిందో లేదో చూడటానికి ఎక్సారిసో -వెర్షన్ అని కొట్టండి. వెర్షన్ నంబరు వస్తే పని అయినట్టే.

5. డేటా ఇమేజ్‌ని ఐఎస్ఓ మాస్టర్‌తో మార్చడం

ప్రోగ్రామ్ తెరిస్తే కిటికీ రెండు భాగాలుగా ఉంటుంది. పైన మీ కంప్యూటర్‌లోని ఫైళ్లు, కింద ఇమేజ్ లోపలి ఫైళ్లు. మధ్యలో యాడ్, ఎక్స్‌ట్రాక్ట్, డిలీట్ బటన్లు. పై నుంచి కిందికి వెళ్తే చేర్చడం, కింద నుంచి పైకి వస్తే బయటికి తీయడం.

1. ఇమేజ్ మెనూలో ఓపెన్ ద్వారా పాత ఐఎస్ఓ తెరవండి.
2. కింది భాగంలో, ఫైల్ ఏ ఫోల్డర్‌లోకి వెళ్లాలో ఆ ఫోల్డర్‌లోకి వెళ్లండి. ఈ అడుగు మరిచిపోతే ఫైళ్లన్నీ మొదటి వరసలో పడతాయి.
3. పై భాగంలో ఫైల్ ఎంచుకుని యాడ్ నొక్కండి.
4. అక్కర్లేనివి కింద ఎంచుకుని డిలీట్ చేయండి. ఇది ఇంకా మీ డిస్క్ మీద ఏమీ చెరపదు, సేవ్ చేసేదాకా అంతా జాబితాలోనే ఉంటుంది.
5. ప్రాపర్టీస్‌లో డిస్క్ పేరు కావాలంటే మార్చుకోండి.
6. సేవ్ యాజ్ నొక్కి, కొత్త పేరు ఇచ్చి సేవ్ చేయండి.

పాత పేరు మీదే రాయడానికి ప్రయత్నించకండి. సేవ్ చేస్తున్నంతసేపూ ఆ పాత ఫైల్ నుంచే చదువుతూ ఉంటుంది.

తర్వాత ఫైల్ మేనేజర్‌లో కొత్త ఐఎస్ఓ మీద కుడి క్లిక్ చేసి, డిస్క్ ఇమేజ్ మౌంటర్‌తో తెరిచి చూడండి. నాలుగైదు ఫైళ్లను నిజంగా తెరవండి. పేర్లు కనబడినంత మాత్రాన లోపలి డేటా బాగున్నట్టు కాదు.

6. బూట్ అయ్యే ఇమేజ్‌ని ఎక్సారిసోతో మార్చడం

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. కాస్త నిదానంగా వెళ్దాం.

ఇప్పటి లైనక్స్ ఇన్‌స్టాలర్ ఇమేజ్ ఒకే ఫైల్ అయినా, బూట్ కావడానికి అందులో చాలా దారులు ఉంటాయి. కంప్యూటర్ ఆన్ కాగానే బూట్ మొదలుపెట్టేది పాత మెషీన్లలో బయోస్, కొత్తవాటిలో యూఈఎఫ్ఐ. డీవీడీ నుంచి పాత బయోస్ వెతికేది ఒకటి, యూఈఎఫ్ఐ వెతికేది ఇంకొకటి. పెన్‌డ్రైవ్‌కు రాసినప్పుడు కావలసిన పార్టిషన్ టేబుల్ ఇమేజ్ మొదట్లో, ఐఎస్ఓ 9660 ఖాళీగా వదిలేసిన 32 కిలోబైట్లలో కూర్చుని ఉంటుంది. ఫైళ్ల జాబితాలో ఇది ఎక్కడా కనబడదు. అందుకే ఫైళ్లన్నీ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని మళ్లీ ఐఎస్ఓ కడితే, చూడటానికి అన్నీ ఉంటాయి గానీ పెన్‌డ్రైవ్ బూట్ కాదు. ఈ దారులన్నీ అలాగే నిలబెట్టడం ఐఎస్ఓ మాస్టర్ పని కాదు. ఎక్సారిసోకు ఆ తెలివి ఉంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. లైనక్స్ నేర్పే క్లాస్ కోసం డెబియన్ ఇన్‌స్టాలర్‌లోనే తెలుగు సూచనల పీడీఎఫ్‌లు ఉండాలి. వాటిని మన ఫోల్డర్‌లో గైడ్ అనే పేరుతో పెట్టుకున్నాం. టెర్మినల్‌లో ఆ పని ఫోల్డర్‌లోకి వెళ్లి, ఇదంతా ఒకే వరుసగా ఇవ్వాలి:

ఎక్సారిసో -ఇన్‌డెవ్ పాతది.ఐఎస్ఓ -అవుట్‌డెవ్ కొత్తది.ఐఎస్ఓ -బూట్_ఇమేజ్ ఎనీ రీప్లే -మ్యాప్ గైడ్ /గైడ్

విడివిడిగా చూస్తే:

- ఇన్‌డెవ్: చదవాల్సిన ఇమేజ్.
- అవుట్‌డెవ్: రాయాల్సిన ఇమేజ్. ఈ పేరుతో ఫైల్ ముందే ఉండకూడదు.
- బూట్_ఇమేజ్ ఎనీ రీప్లే: పాత ఇమేజ్‌లో బూట్ ఏర్పాట్లు ఎలా ఉన్నాయో కొత్తదానిలో అలాగే పెట్టు అని చెప్పడం. ఈ నాలుగు మాటల కోసమే ఎక్సారిసో వాడుతున్నాం. బూట్, ఇమేజ్ మధ్య ఉన్నది అండర్‌స్కోర్, ఖాళీ కాదు.
- మ్యాప్: మొదట మీ కంప్యూటర్‌లోని ఫోల్డర్, తర్వాత ఇమేజ్ లోపల అది ఉండాల్సిన చోటు. రెండోది ఏటవాలు గీతతో మొదలవ్వాలి.

సుడో అక్కర్లేదు. సుడోతో చేస్తే కొత్త ఫైల్ రూట్ పేరు మీద తయారై, తర్వాత అందులో ఏదైనా రాయాలన్నా అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి.

ఉన్న ఫైల్‌నే మార్చాలంటే, ఉదాహరణకు గ్రబ్ మెనూ (బూట్ అయ్యేటప్పుడు మొదట వచ్చే ఎంపికల జాబితా), ముందు దాన్ని బయటికి తీయాలి:

ఎక్సారిసో -ఓసిరాక్స్ ఆన్ -ఇన్‌డెవ్ పాతది.ఐఎస్ఓ -ఎక్స్‌ట్రాక్ట్ /బూట్/గ్రబ్/గ్రబ్.సీఎఫ్‌జీ గ్రబ్.సీఎఫ్‌జీ

ఓసిరాక్స్ అంటే ఎక్సారిసోని వెనక నుంచి ముందుకు చదవడమే: ఓ, ఎస్, ఐ, ఆర్, ఆర్, ఓ, ఎక్స్.

బయటికి వచ్చిన ఫైల్ చదవడానికే తప్ప రాయడానికి అనుమతి లేకుండా వస్తుంది. టెక్స్ట్ ఎడిటర్ సేవ్ చేయనివ్వదు. సీహెచ్‌మాడ్ యూ+డబ్ల్యూ అని ఇచ్చి ఫైల్ పేరు రాస్తే అనుమతి వస్తుంది. మొత్తం ఫోల్డర్‌కైతే -ఆర్ చేర్చాలి, ఆ ఆర్ ఒక్కటి పెద్దక్షరం. మార్చాక ఆ ఫైల్‌ని పై కమాండ్‌లోలాగే మ్యాప్‌తో దాని పాత చోటికే పంపండి.

ఇప్పుడు లేబుల్ సంగతి. చాలా ఇన్‌స్టాలర్లు బూట్ అయ్యాక మిగతా ఫైళ్లున్న డిస్క్‌ని పేరు పెట్టి వెతుక్కుంటాయి. ఫెడోరా ఇమేజ్‌ల బూట్ వరుసలోనే ఆ లేబుల్ రాసి ఉంటుంది. ఒకసారి క్లాస్ కోసం ఇలాంటి ఇమేజ్‌కు మంచి పేరు పెడదామని లేబుల్ మార్చాను. గ్రబ్ మెనూ చక్కగా వచ్చింది, కెర్నల్ కదిలింది, ఆ తర్వాత నల్ల స్క్రీన్ మీద ఎమర్జెన్సీ షెల్ దగ్గర ఆగిపోయింది. పిల్లలు ఎదురుగా కూర్చుని ఉన్నారు. ఆ టెన్షన్ ఇంకెవరికీ రాకూడదనే లేబుల్ రాసి పెట్టుకోమన్నది. ఎక్సారిసో తనంతట తాను లేబుల్ మార్చదు, మీరూ మార్చకండి.

కొత్త ఇమేజ్ తయారయ్యాక బీఎల్‌కేఐడీతో లేబుల్ చూసి కాగితంతో పోల్చండి. తర్వాత బూట్ ఏర్పాట్లు:

ఎక్సారిసో -ఇన్‌డెవ్ కొత్తది.ఐఎస్ఓ -రిపోర్ట్_ఎల్_టోరిటో ప్లెయిన్ -రిపోర్ట్_సిస్టమ్_ఏరియా ప్లెయిన్

ఇదే కమాండ్ పాత ఇమేజ్ మీద కూడా నడపండి. బయోస్, యూఈఎఫ్ఐ వరుసలు రెండింటిలోనూ ఉండాలి. బ్లాక్ నంబర్లు మారితే ఫర్వాలేదు, వరుసలు తగ్గకూడదు.

7. పెన్‌డ్రైవ్‌కు రాసే ముందు పరీక్ష

వర్చువల్ మెషీన్‌లో (మీ కంప్యూటర్ లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌లో) బూట్ చేసి చూడటానికి ఐదు నిమిషాలు చాలు. వర్చువల్‌బాక్స్‌లో కొత్త మెషీన్ చేసి ఐఎస్ఓని ఆప్టికల్ డ్రైవ్‌లో పెట్టండి. ఒకసారి మామూలుగా, ఇంకోసారి సిస్టమ్ సెట్టింగ్స్‌లో ఈఎఫ్ఐ టిక్కు పెట్టి బూట్ చేయండి.

అది డీవీడీ పరీక్ష. పెన్‌డ్రైవ్ పరీక్షకు క్యూఈఎంయూ (ఇంకో వర్చువల్ మెషీన్ ప్రోగ్రామ్) ఉంటే ఇలా:

క్యూఈఎంయూ-సిస్టమ్-ఎక్స్86_64 -ఎం 2048 -డ్రైవ్ ఫార్మాట్=రా,ఫైల్=కొత్తది.ఐఎస్ఓ

ఇమేజ్‌ని సీడీలాగా కాకుండా హార్డ్‌డిస్క్‌లాగా బూట్ చేయిస్తుంది. పెన్‌డ్రైవ్‌లో జరిగేది దాదాపు ఇదే.

రాయడానికి ముందు చెక్‌లిస్ట్:

- లేబుల్ పాతదానితో కలిసింది
- బయోస్, యూఈఎఫ్ఐ రెండింటిలోనూ మెనూ వచ్చింది
- మెనూ దాటి ఇన్‌స్టాలర్ మొదటి స్క్రీన్ దాకా వెళ్లింది
- చేర్చిన ఫైళ్లు తెరుచుకున్నాయి
- పెన్‌డ్రైవ్‌లో దాచుకోవాల్సింది ఏదీ మిగల్లేదు

రాయడానికి డిస్క్స్ ప్రోగ్రామ్‌లో ఎడమవైపు పెన్‌డ్రైవ్‌ని ఎంచుకుని, మెనూలో రిస్టోర్ డిస్క్ ఇమేజ్ నొక్కండి. సైజు, కంపెనీ పేరు రెండుసార్లు చదవండి. ఈ అడుగులో తప్పు డ్రైవ్ ఎంచుకుంటే అందులోని డేటా పోతుంది.

8. తరచూ వచ్చే ఇబ్బందులు

*"రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్" అంటోంది.* మౌంట్ చేసిన (డ్రైవ్‌లా తెరిచిన) ఐఎస్ఓలోకి నేరుగా కాపీ చేయబోయారు. మౌంట్ చూడటానికే. సుడో పెట్టినా మారదు.

*అవుట్‌డెవ్ ఖాళీగా లేదని ఎక్సారిసో ఆగిపోయింది.* అంతకుముందు ప్రయత్నంలో మిగిలిన కొత్తది.ఐఎస్ఓ అక్కడే ఉంది. దాన్ని తీసేసి మళ్లీ నడపండి.

*ఉబుంటు బూట్ అవుతూ ఫైళ్లలో తేడా ఉందంటోంది.* ఇమేజ్‌లో ఎండీ5సమ్.టెక్స్ట్ అనే జాబితా ఉంటుంది, మీరు మార్చిన ఫైల్ దానితో కలవడం లేదు. ఆ ఫైల్‌కు ఎండీ5సమ్ కొత్తగా తీసి, జాబితాలోని ఆ వరుసలో పెట్టి, జాబితాను కూడా మ్యాప్‌తో పంపండి. కొత్తగా చేర్చిన ఫైళ్లకు ఈ బాధ లేదు.

*కొత్త ఇమేజ్ చెక్‌సమ్ వెబ్‌సైట్‌లో ఉన్నదానితో కలవడం లేదు.* కలవకూడదు కూడా, ఇది వేరే ఫైల్. నలుగురికి ఇవ్వబోతున్నారంటే మీ ఇమేజ్‌కు మీరే ఎస్‌హెచ్‌ఏ256 తీసి, దానితోపాటు ఇవ్వండి.

*తెలుగు పేర్లున్న ఫైళ్లు విండోస్‌లో తెగిపోయి కనబడుతున్నాయి.* లైనక్స్ చదివే రాక్ రిడ్జ్ పేర్లకు 255 బైట్ల దాకా చోటుంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు కాబట్టి 85 గుర్తులు పడతాయి. విండోస్ చదివే జోలియెట్ పేరుకు హద్దు 64 గుర్తులే. పైగా "స్త్రీ" అనే ఒక్క అక్షరమే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిసి ఆరు గుర్తులు. కాబట్టి ఫైల్ పేరు చిన్నగా ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి, తెలుగు శీర్షికను పీడీఎఫ్ మొదటి పేజీలో రాసుకోండి.